చేటెడు తవుడు

కంట్లో శుక్లం తీయించుకుందామని విజయనగరంలో ఒక ఆసుపత్రికి వెళ్తే, కౌంటర్లో కూర్చున్న అమ్మాయి ఒక కాగితం నా ముందుకు తోసి, "ఇక్కడ దగ్గరి బంధువు సంతకం కావాలి ఆంటీ" అంది. ఆ కాగితం చూడగానే నాకు ఒళ్లు మండింది. బంధువు పేరు, బంధుత్వం, ఫోన్ నంబరు, సంతకం. అరవై దాటినదాన్ని, ముప్పైనాలుగేళ్లు సర్కారు ఉద్యోగం చేసి పెన్షన్ తెచ్చుకుంటున్నదాన్ని, నా కన్ను నేను కోయించుకుంటానంటే ఇంకొకరి సంతకం దేనికని అడిగాను. "రూల్ ఆంటీ" అంది ఆ పిల్ల, పాపం మెత్తగానే. నేనే గొంతు పెంచాను. వరసలో నా వెనకున్న వాళ్లు తలలు తిప్పి చూశారు. వాళ్లందరి పక్కనా ఎవరో ఒకరున్నారు, కూతురో కోడలో మనవడో. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

నేను పెళ్లి చేసుకోలేదు. దానికి పెద్ద కథేమీ లేదు, కుదరలేదు, తర్వాత అక్కర్లేదనిపించింది. తోబుట్టువులు లేరు. నాన్న పోయి ఇరవై ఆరేళ్లయింది. అమ్మ పోయి నాలుగేళ్లు. అమ్మకున్న ఒక్క తమ్ముడూ పిల్లల్లేకుండానే పోయాడు. నాన్న వైపు అసలెవరూ లేరని చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఆ రాత్రి ఫోన్లో ఉన్న పేర్లన్నీ వరసగా చూసుకున్నాను. గ్యాసు, కేబులు, కరెంటు, ప్లంబరు, పాలబ్బాయి, ఆఫీసు వాట్సాప్ గ్రూపు. బంధుత్వం అనే గడిలో రాయడానికి ఒక్క పేరు దొరకలేదు.

చివరికి మా ఇంటి ఓనరు భార్య వచ్చి సంతకం పెట్టింది. మంచి మనిషి. కాకపోతే బంధుత్వం అనే చోట నిజాయితీగా 'ఇంటి ఓనరు' అని రాసింది. కంటికి కట్టు కట్టుకుని ఆటోలో వస్తుంటే ఆ రెండు మాటలే గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక ఏడుపొచ్చింది. కంటికి మంచిది కాదని తెలిసినా ఆపుకోలేకపోయాను.

కట్టు విప్పాక ఒక పంతం పుట్టింది నాకు. నాన్నకి ఎవరూ లేరంటే ఎలా లేరు? తాతకి అన్నదమ్ములుండరా? నాన్నమ్మకి పుట్టిల్లుండదా? ఎవరో ఒకరి మనవడో మునిమనవరాలో ఏ రాజాంలోనో టెక్కలిలోనో కొట్టు పెట్టుకుని కూర్చుని ఉండాలి కదా. ఆఫీసులో నా పనే పాత ఫైళ్లు వెతికి తీయడం. మంది ఫైళ్లు తీసినదాన్ని మా ఇంటి ఫైలు తీయలేనా అనుకున్నాను. ఒక్క మనిషి దొరికితే చాలు. ఫోన్ చేసి, "నేను మీకు ఫలానా అవుతాను" అనగలిగితే చాలు.

నాన్న పుట్టింది కోటబొమ్మాళి. పెరిగి పెద్దయ్యాక రాజాం వచ్చి బియ్యం కొట్టు పెట్టుకున్నాడు. నేను అక్కడే పుట్టాను. మా ఊరు తీసుకెళ్లమని చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగినా, "అక్కడేటున్నాది, ఎల్లడానికి" అనేవాడు. తన గురించి చెప్పింది కూడా తక్కువే. తనకంటే ముందు పుట్టిన నలుగురు పోయారనీ, తాను నాగుల చవితి మర్నాడు పుట్టాడనీ, అంతే. ఇంకేమైనా అడిగితే హాస్యానికి దిగేవాడు. "నన్ను చేటెడు తవుడిచ్చి కొన్నారమ్మా, నిన్నైతే నూకలిచ్చి కొన్నాం, అందుకే నీకంత టెక్కు" అనేవాడు. పిల్లల్ని తవుడిచ్చి కొన్నామని ఏడిపించడం ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. నేనూ అలాగే విని, అలాగే మర్చిపోయాను.

వారానికోసారి పొద్దున్న పాసింజరు ఎక్కి కోటబొమ్మాళిలో దిగేదాన్ని. మొదట బడికి వెళ్లాను. హెడ్మాస్టరుగారు బీరువా తాళం తీయించి పాత అడ్మిషన్ రిజిస్టరు చూపించారు. అందులో నాన్న పేరుంది, తండ్రి గడిలో తాత పేరుంది, కులం, వృత్తి అన్నీ సరిగ్గా ఉన్నాయి. పుట్టిన తేదీ మాత్రం జూలై ఒకటి. ఆ పేజీలో సగం మంది పిల్లలు జూలై ఒకటినే పుట్టారు. చేర్చుకున్న పంతులుగారికి ఆ తేదీ మీద అంత ఇష్టమన్నమాట. మిగతా సంగతులు తెలియాలంటే జనన మరణాల పుస్తకాలు చూడాలన్నారు.

ఆ పుస్తకాలు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికే మూడు ఆఫీసులు తిరిగాను. బ్రిటిషువాళ్ల కాలంలో గ్రామ మునసబులు రాసినవి. కొన్ని చెదలు తినేశాయి, కొన్ని వానకి తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మిగిలినవి ఎర్రగుడ్డల్లో మూటలు కట్టి ఒక ఆఫీసు వెనక గదిలో ఉన్నాయి. దరఖాస్తు పెట్టి, అనుమతి తెచ్చుకుని, ఆ గదిలో కిటికీ పక్క స్టూలు మీద కూర్చున్నాను. మూటలు దించి పెట్టే అటెండరు రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. నాకు తోడు ఆయనొక్కడే. ఆయన కూడా పదకొండింటికి టీకి వెళ్తే పన్నెండున్నరకి గానీ వచ్చేవాడు కాదు.

మొదటి రోజు మరణాల పుస్తకాలు చూశాను. తాత పేరు నాలుగుసార్లు దొరికింది, నాలుగుసార్లూ తండ్రి గడిలోనే. మగ శిశువు, పదకొండు రోజులు. ఆడ శిశువు, పేరు ఉంది, ఏడాదిన్నర. మగ పిల్లవాడు, పేరు ఉంది, మూడేళ్లు. మళ్లీ మగ శిశువు, అదే రోజు. కారణం అన్న చోట మూడింటికి జ్వరం అని ఉంది. నాలుగోదానికి ఏమీ రాయలేదు. బతికుంటే వీళ్లు నాకు పెద్దనాన్నలు, పెద్దత్త. కాపీ పుస్తకంలో రాసుకున్నాను. పేరు లేని ఇద్దరికీ ఏం రాయాలో తెలియక గీత పెట్టి వదిలేశాను. బంధువుల్ని వెతుక్కుంటూ వస్తే దొరికిన నలుగురూ ఇలా దొరికారు. స్టేషన్‌కి తిరిగొచ్చాక, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తినబుద్ధి కాలేదు. బెంచీ మీద అలాగే కూర్చున్నాను. ఎవరో ఆవిడ పక్కన కూర్చుని టైమెంతని అడిగితే, ఆ రోజంతటిలో నాతో మాట్లాడిన రెండో మనిషి అని లెక్కేసుకున్నాను.

తర్వాతి వారం జననాలు. తేదీ తెలుసుకోవడం కష్టం కాలేదు. ఫోన్లో ఎంత పాత పంచాంగమైనా దొరుకుతోంది. ఏ ఏడాదో కచ్చితంగా తెలియదు కాబట్టి మూడేళ్ల పుస్తకాలు ముందేసుకున్నాను. మూడింటిలోనూ తాత ఇంట్లో ఏ బిడ్డా పుట్టలేదు. ఆ వారమంతా నాన్న మీద కోపంగా ఉన్నాను. చచ్చిన నలుగురికీ లెక్క ఉంది, బతికిన మనిషికి లేదు. ఎక్కడా పుట్టని మనిషి కూతుర్ని నేను.

మూడో వారం నా మొహం చూసి అటెండరు, "తండ్రి పేరే సూస్తన్నారేటి మేడం? మీ నాన్నగారి పేరు సూడండి ఓపాలి" అన్నాడు. పురిట్లో బిడ్డకి పేరు ఎవరు పెడతారు, చాలా వరకు ఆ గడి ఖాళీగానే ఉంటుంది కదా అనుకుంటూనే మళ్లీ మొదలుపెట్టాను. రెండో పుస్తకంలో, సరిగ్గా నాగుల చవితి మర్నాడు, నాన్న పేరు కనిపించింది. మగ బిడ్డ. తల్లి పేరు మా నాన్నమ్మది కాదు. ఇంటి పేరు మాది కాదు. ఊరు భావనపాడు. వృత్తి, చేపల వర్తకం. పుట్టిన చోటు అన్న గడిలో మాత్రం కోటబొమ్మాళి, మా తాతగారి పెరడు అని, తాత పేరుతో సహా రాసి ఉంది. చివర ఆ తల్లి వేలిముద్ర.

చేపలమ్మే ఆవిడ మా తాత పెరట్లో ప్రసవించడమేమిటి? తాత గురించి రాకూడని ఆలోచనలన్నీ వచ్చాయి. తులసికోటకి మొక్కనిదే మంచినీళ్లు ముట్టని, నీసు వాసన తెలియని షావుకారు ఇల్లట మాది. అమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో ఆ గొప్ప. ఇప్పుడు నేను వెతకాల్సింది ఎవర్ని? అసలు నేను ఎవరి మనవరాల్ని?

"ఏటయ్యింది మేడం? నీలు తాగుతారేటి?" అన్నాడు అటెండరు. పేజీ చూపించాను. ఆయన వేలు పెట్టి గడి గడీ చదివి, నా మొహం చూసి నవ్వాడు. నాకు చిర్రెత్తింది.

"కోపడకండి మేడం. ముందు పుట్టినోలు బతికేరా, పోయేరా?"

"నలుగురూ పోయారు."

"మరింకేటి! తవుడు బిడ్డ. మీ నాన్నగారి పేరు సూస్తే తెల్డం నేదా? మా యింట్లోనూ ఉన్నాడు అలాటోడు, మా సిన్నాన్న."

నిజమే, నాన్న పేరులో తవుడు ఉంది. మా వైపు ఆ పేరున్నవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. పేరు పేరే కదా అని నేనెప్పుడూ దాన్ని విప్పి చూసుకోలేదు. వరసగా పిల్లలు పోతుంటే, కొత్తగా పుట్టిన బిడ్డని చేటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలేస్తారట. దారిన పోయే ఇంకో కులం ఆడమనిషి ఎత్తుకుని, దొరికింది కాబట్టి నాది అంటుంది. అప్పుడు కన్నతల్లి ఆవిడకి చేటెడు తవుడిచ్చి బిడ్డని కొనుక్కుంటుంది. ఇది ఆ ఇంటి బిడ్డ కాదు, విలువలేని బిడ్డ అనుకుని చావు వదిలేసి పోవాలని.

"అది సరే. ఇక్కడ సర్కారు పుస్తకంలో ఎందుకు రాయించారు?" అన్నాను.

"నలుగురు పోనాక ఇంకెవుల్ని నమ్ముతారు మేడం? సావు ఒచ్చి పుస్తకం తిరగేస్తాదని బయం. మునసబుకి గూడా అబద్దమే సెప్పుంటారు. ఆ యమ్మ ఒచ్చి ఏలిముద్ర ఏసింది, సూడండి."

అప్పుడు నవ్వాను. కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వాను. తాత మీద అనుమానం పోయింది. కానీ ఇంటికొచ్చాక మళ్లీ అదే గది, అదే ఫ్యాను. తాత అన్నదమ్ముల జాడ ఏ పుస్తకంలోనూ లేదు. నాన్నమ్మ పుట్టినూరి మూట చెదలు తిన్నవాటిలో ఉందని చెప్పారు. నా వెతుకులాట అక్కడితో అయిపోయినట్టే. కాపీ పుస్తకం బీరువాలో పెట్టేశాను. రెండు నెలలు ఎక్కడికీ వెళ్లలేదు.

మరి భావనపాడు ఎందుకు వెళ్లానంటే, నిజం చెప్పాలంటే, ఒక ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదని తెలిసొచ్చింది. ఆ మర్నాడే బయల్దేరాను. రైలు, తర్వాత బస్సు, తర్వాత షేర్ ఆటో. సముద్రం ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లని ఆ వేలిముద్రావిడ పేరు చెప్పి అడిగాను. వాళ్లకి నేనేదో సర్వేకి వచ్చినట్టు అనిపించింది. ఒకాయన, "ఆ ముసిల్ది పోయి నలబై యేల్లు దాటిపోనాది. కూతురున్నాది, ఎల్లు" అని వీధి చివర ఇల్లు చూపించాడు.

ఇంటి ముందు పాత వల పరిచి నెత్తళ్ల చేపలు ఎండబెట్టి ఉన్నాయి. ఒక ముసలావిడ, ఎనభై పైనే ఉంటాయి, గొంతుక్కూర్చుని వాటిని తిరగేస్తోంది. నేను ముక్కు మూసుకోకుండా ఉండటానికి తంటాలు పడుతున్నాను. ఆవిడ తలెత్తకుండానే, "ఎవులు కావాలి?" అంది.

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. కోటబొమ్మాళి అన్నాను, షావుకారు అన్నాను, వెనకటి కాలంలో మీ అమ్మగారు ఒక బిడ్డని తవుడికి, అన్నాను.

ఆవిడ చేతిలో చేపలు కింద పడేసింది. "ఓలమ్మో! మా తవుడన్న కూతురివా? అన్నలాగే ఉన్నాది ఆ మూతి. ఓలే, కుర్సీ తేవే, మా మేనకోడలొచ్చింది!" అని లోపలికి కేకేసింది.

మేనకోడలు. మావయ్య పోయాక ఆ మాట నన్ను ఎవరూ అనలేదు. ఆవిడ కోడలు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. టీ తాగుతానో లేదోనని మొహమాటపడింది, "మీరు తినరు కదండీ" అంటూ. టీలో చేపలేస్తారా ఏమిటి అన్నాను. ఇద్దరూ పగలబడి నవ్వారు.

ముసలావిడ నా పక్కనే నేల మీద కూర్చుంది. అన్న తనకంటే పదేళ్లు పెద్దట. ఏడాదికోసారి నాగుల చవితి మర్నాడు వచ్చేవాడట, తన పుట్టినరోజున. తవుడికి అమ్మిన తల్లికి కోక పెట్టేవాడట. "మా యమ్మ ఒల్లో తలెట్టుకుని తొంగునీవోడు. ఇంత మనిసి. మా యమ్మ పోనాది గదా, మా అన్నదమ్ములతో పాటు గుండు సేయించుకున్నాడు. ఆ ఒడ్డునే కూకున్నాడు."

నేను కాలేజీలో చేరిన ఏడు నాన్న ఒకసారి గుండుతో ఇంటికొచ్చాడు. సింహాచలం మొక్కు అన్నాడు. సింహాచలం వెళ్లి ప్రసాదం తేని మనిషిని మిమ్మల్నే చూశాను అని అమ్మ నెలరోజులు సాధించింది. ఇప్పుడు తెలిసింది. నాకు కోపం వచ్చింది, పోయిన మనిషి మీద వచ్చే కోపం ఎక్కడా తీరదు. ఇంట్లో ఒక్కదాన్ని చచ్చినట్టు పడి ఉన్నాను, ఇక్కడ నాకు ఒక అత్త ఉందని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. అమ్మకి భయపడ్డాడో, కొట్టుకొచ్చే వాళ్లకి భయపడ్డాడో.

"మీ యమ్మకి తెల్దేటి?" అంది.

"మా ఇంట్లో ఎవరికీ తెలియదు."

"సేపలోలం గదా. అనడానికి సిగ్గేసుంటాది" అంది. నిష్ఠూరంగా అనలేదు, అంతే కదా అన్నట్టు అంది. తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసింది. "మా యమ్మ పోనాక గూడా ఒచ్చీవోడు. అలాగొచ్చొచ్చి మానేసినాడు. అమ్మే నేదు, ఇంకెందుకొస్తాడులే అనుకున్నాం. నానైతే కోపగించీసినాను. నువ్వైనా సెప్పాలి మీ బాబుకి. ఎలాగున్నాడు? నడవనేకపోతన్నాడేటి? నిన్ను పంపినాడా?"

ఇరవై ఆరేళ్లుగా ఈవిడ మా నాన్న మీద అలిగి కూర్చుంది. చేతిలో టీ గ్లాసు కింద పెట్టాను.

"నాన్న లేడు అత్తా. పోయి ఇరవై ఆరేళ్లయింది. మీకు కబురు చెయ్యాలని మాకు తెలియదు."

ఆవిడ నా మోకాలి మీంచి చెయ్యి తీసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. గోడ పట్టుకుని లేచి, ఇంటి పక్కగా గోలెం దగ్గరికి నడిచి వెళ్లింది. చెంబుతో నీళ్లు ముంచి కట్టుకున్న కోకతోనే నెత్తి మీద పోసుకుంది. మళ్లీ ముంచింది, మళ్లీ పోసుకుంది. కోడలు పరుగెత్తుకొచ్చి, "ఏటత్తా అది, జొరమొస్తాది, ఒగ్గీ" అని చెంబు లాక్కోబోయింది. ఇవ్వలేదు.

చావు కబురు విన్నవాళ్లు, ఎన్నాళ్లకి విన్నా, విన్న చోటే తలమీద నీళ్లు పోసుకుంటారు. అయినవాళ్లకే ఆ మైల. ఊళ్లో వాళ్లు అయ్యో అని ఊరుకుంటారు. నాన్న పోయినప్పుడు అమ్మ, నేను, మావయ్య, ముగ్గురం తడిశాం. నాన్న వైపు నుంచి తడవడానికి మనిషి లేడని ఆ రోజు వాకిట్లో ఎవరో అనుకోవడం విన్నాను.

ఆవిడ నీళ్లోడుతూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. తెల్ల జుట్టు చెంపలకి అతుక్కుపోయింది. వణుకుతోంది. నా కొంగు తీసి తుడవబోతే చెయ్యి పక్కకి నెట్టేసింది.

"ఇప్పుడు సెప్పు" అంది. "మా అన్న ఎలాగ పోనాడు? ఏటి జబ్బు? ఆకర్ని ఏటన్నాడు?"

ఇన్నేళ్లలో ఆ మాట నన్ను అడిగిన మనిషి లేడు. కుర్చీ దిగి నేల మీద, ఆవిడ పక్కన, తడిలోనే కూర్చున్నాను. నాన్నకి మొదట దగ్గు వచ్చిన రోజు దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాను.